నొప్పి మాత్ర వేసుకునే ముందు నాలుగు ప్రశ్నలు



తాడిపత్రిలో నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి లేని ఇల్లు అరుదు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో రోజంతా బండలెత్తేవారు, వేరుశనగ చేలల్లో వంగి కలుపు తీసేవారు, చీనీ తోటల్లో కాయలు కోసి మోసేవారు, గంటల తరబడి లారీ నడిపేవారు మనలోనే ఉన్నారు. అందుకే మన ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే ఒక నొప్పి మాత్రల అట్ట కనిపిస్తుంది. ఎప్పుడో డాక్టరు ఒకరికి రాసిన మాత్ర మెల్లగా ఇంట్లో అందరిదీ అవుతుంది. చీటీ పోతుంది, అట్ట మిగులుతుంది. ఈ నెల ఆరోగ్య పాఠం ఆ అట్ట గురించే.

ఇవి ఏ మాత్రలు?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మందులు. నొప్పితో పాటు వాపునూ తగ్గిస్తాయి. పారాసిటమాల్ ఈ కుటుంబంలోది కాదు. అది జ్వరానికి, నొప్పికి పనిచేస్తుంది గానీ వాపు మీద దాని ప్రభావం చాలా తక్కువ.

ఎలా పనిచేస్తాయి?

దెబ్బ తగిలినచోట, కీలు అరిగినచోట మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తుంది. నొప్పి, వాపు పెరగడంలో వీటి పాత్ర పెద్దది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ తయారీనే ఆపుతాయని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

అయితే ఇవే రసాయనాలు మనకు మేలు కూడా చేస్తుంటాయి. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలు ముడుచుకుపోకుండా చూస్తాయి. మాత్ర నొప్పిని ఆపేటప్పుడు ఈ కాపలాను కూడా తగ్గిస్తుంది. కడుపులో మంట, పుండ్లు, రక్తస్రావం రావడానికీ, మూత్రపిండాలు దెబ్బతినడానికీ కారణం ఇదే.

ఈ మందు మూత్రపిండాలను ఎంత దెబ్బతీయగలదో రాబందులను చూసి ప్రపంచం నేర్చుకుంది. డైక్లోఫెనాక్ సూది వేసిన పశువులు చనిపోతే, ఆ కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై కుప్పలుగా చనిపోయాయి. అందుకే 2006లో మన దేశం పశువులకు ఈ మందు వాడకాన్ని నిషేధించింది. మనుషుల శరీరం దీన్ని అంతకంటే బాగా తట్టుకుంటుంది. డాక్టరు చెప్పినట్లు, చెప్పినన్ని రోజులు వాడితే చాలామందికి మేలే జరుగుతుంది. కానీ ఆ తట్టుకునే శక్తి అందరికీ, అన్ని రోజుల్లో ఒకేలా ఉండదు.

నాలుగు ప్రశ్నలు

1. ఇది ఎవరికి రాసిన మాత్ర?
నాన్నకు రాసింది నానమ్మకు సరిపడకపోవచ్చు. కడుపులో పుండు ఉన్నవారికి, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారికి, అరవై దాటినవారికి, గర్భిణులకు ముప్పు ఎక్కువ. వీరు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు.

2. ఈ రోజు ఒంట్లో నీళ్లు ఉన్నాయా?
మన ఊరి వారికి ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున చెమటోడ్చి పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా, సాయంత్రం నడుం నొప్పికని మాత్ర వేసుకుంటే మూత్రపిండాల మీద రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. వాంతులు, విరేచనాలు అయిన రోజైనా అంతే. మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దిగా వస్తుంటే ఒళ్లు ఎండిపోయిందని గుర్తు. అప్పుడు కావలసింది మాత్ర కాదు, నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్, విశ్రాంతి. మాత్ర సంగతి డాక్టరును అడిగాకే.

3. ఇంకా ఏ మందులు వాడుతున్నారు?
టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవారికి నొప్పి మాత్ర కూడా తోడైతే మూత్రపిండాలకు భారం పెరుగుతుంది. రక్తం పలచబడే మందులతో, స్టెరాయిడ్లతో కలిస్తే రక్తస్రావం భయం. అలాగని బీపీ మాత్ర మీకు మీరే ఆపకండి. డాక్టరుకు, మందుల షాపులో అన్నీ చెప్పండి. మరో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. చాలా నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ కలిపే ఉంటుంది. అది తెలియక జ్వరానికి విడిగా పారాసిటమాల్ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది.

4. ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారు?
రోజూ పనికి వెళ్లే ముందు అలవాటుగా వేసుకునే మాత్ర నొప్పికి కారణాన్ని బాగుచేయదు, దాచిపెడుతుంది. డాక్టరు చెప్పిన గడువు దాటితే మళ్లీ చూపించుకోండి. మోకాలు ఒక్కటే నొప్పిగా ఉంటే పైపూత జెల్ సరిపోతుందేమో అడగండి. దానివల్ల రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. మాత్ర రాసిస్తే భోజనం తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. కడుపులో కరగకుండా పైపూత వేసిన మాత్రలను విరవకూడదు, నూరకూడదు.

పిల్లల విషయంలో

పెద్దల మాత్రను సగం చేసి పిల్లలకు ఇవ్వకండి. పిల్లల మోతాదు వారి బరువును బట్టి ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వానాకాలంలో వచ్చే జ్వరం డెంగీ కావచ్చు. అప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావాన్ని పెంచే ప్రమాదం ఉంది కనుక తగిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, డాక్టరుకు చూపించాలి.

హైస్కూల్ ఆడపిల్లలు నెలసరి నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ వాడటం మామూలే. దీనివల్ల అరుదుగా జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలకు పాకే తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. భయపడనక్కరలేదు. కానీ అమ్మకు చెప్పకుండా స్నేహితురాలి మాత్ర వేసుకోవద్దని చెప్పండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతి, మూత్రం బాగా తగ్గడం, కాళ్లు లేదా ముఖం వాపు, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒంటిమీద దద్దుర్లు. వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్ట వెంట తీసుకెళ్లడం మరవకండి.

ఈ ఆదివారం పిల్లలతో చేయించండి

మాత్రల అట్టల మీద పేర్లు ఎక్కువగా ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవ్వా తాతలకు అవి కనిపించవు, కనిపించినా చదవలేరు. మీ పిల్లలు చదవగలరు. మందుల డబ్బా తెరిచి, పెద్దల సమక్షంలో, ఒక్కో అట్ట మీద కంపెనీ పేరు కింద ఉన్న అసలు మందు పేరునూ, గడువు తేదీనీ చదివించండి. అది ఎవరికి, ఎందుకు రాసిందో తెలుగులో ఒక కాగితం మీద రాయించి డబ్బా మూతకు అతికించండి. గడువు దాటినవి, ఎవరివో తెలియనివి పక్కన పెట్టేయండి. డబ్బాను చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.

మీరు కట్టే ఫీజుతో మీ బిడ్డ నేర్చుకున్న ఆ నాలుగు ఇంగ్లిషు అక్షరాలు ఆ రోజు అవ్వ మూత్రపిండాలను కాపాడవచ్చు.