ఉక్కు నగరము, దాని నదులు – ఉద్దానమునకు కొన్ని పాఠములు

ఉద్దానపు గ్రామములలో పెద్దలు "వాడు టాటాలో ఉన్నాడు" అని చెప్పినచో, అది ఒక కంపెనీ పేరుగా కాక ఒక ఊరి పేరుగా గ్రహింపవలెను. నేడు జార్ఖండ్ రాష్ట్రములో నున్న జంషెడ్‌పూర్ నగరమును మనవారు అట్లు పిలుతురు. పలాసలోనో నౌపడాలోనో రైలెక్కి, ఖరగ్‌పూర్ మీదుగా పడమరకు తిరిగి టాటానగర్ స్టేషనులో దిగిన తెలుగువారు అచ్చట ఇప్పటికి మూడు నాలుగు తరములుగా స్థిరపడియున్నారు. బిస్టుపూర్ పేటలో వారు నెలకొల్పుకొన్న రామమందిరము కలదు. వేరొక రాష్ట్రమున, రెండు నదుల నడుమ లేచిన నగరమునకు మన జిల్లా తన బిడ్డలను పంపినది. ఇప్పుడు మన తీరమునకే భారీ కట్టడములు వచ్చుచున్నవి. ఇట్టి సమయమున ఆ నగరము ఎట్లు పెరిగినదో, దానివలన ఎవరికేమి ఒరిగినదో తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరము.

ఉక్కు వంటి భారీ పరిశ్రమకు ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి, రైలుమార్గము, నీరు కావలెను. రాతిని, బొగ్గును బండ్లపై దూరమునుండి తేవచ్చును. నీటిని అట్లు తెచ్చుట కష్టము. కొలిమి గోడలు కరగిపోకుండుటకు, ఎఱ్ఱగా కాలిన బొగ్గును ఆర్పుటకు, ఆవిరి యంత్రములను నడపుటకు నీరు పగలనక రాత్రియనక పారుచుండవలెను. మంచి పొదుపు పాటించు కర్మాగారములలో నేడుకూడ ఒక టన్ను ఉక్కునకు మూడు నాలుగు వేల లీటర్లు ఖర్చగును. పూర్వపు కర్మాగారములలో ఇంతకు అనేక రెట్లు అయ్యెడిది. కావున భారీ పరిశ్రమ నదిని వెదకికొనుచు పోవును. అది నిలిచిన చోట నగరము పుట్టును.

జంషెట్జీ టాటా ఉక్కు కర్మాగారము కొరకు అనేక సంవత్సరములు స్థలము వెదకించెను. 1904లో భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు, మయూర్‌భంజ్ సంస్థానములోని గోరుమహిషాణి కొండలలో మంచి ఇనుపరాయి కలదని తెలియజేసెను. జంషెట్జీ ఆ సంవత్సరమే మరణించుటచే పని కుమారుడు దొరాబ్జీపై పడినది. ఝరియా బొగ్గు గనులు ఒక వైపు, గోరుమహిషాణి మరియొక వైపు ఉండగా, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసికొను చోటికి సమీపమున సాక్చి అను చిన్న పల్లె ఎంపికయ్యెను. 1907లో కంపెనీ ఏర్పడినది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారైనది. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అనియు, దాపుననున్న కాలిమాటి స్టేషనుకు టాటానగర్ అనియు పేర్లు వచ్చినవి. 1911 జనాభా లెక్కలలో ఆరు వేలకు లోపుగా నున్న ఊరు పది సంవత్సరములలో 57 వేలు దాటినది. 2011 నాటికి పరిసర పట్టణములతో కలిసి 13 లక్షలు మించినది.

ఆరు వేలమందికి తగిన ఊరికి ఏబది వేలమంది వచ్చి దిగినప్పుడు త్రాగునీరు, మరుగుదొడ్డి, వైద్యము ఎవరు సమకూర్చవలెను? జంషెట్జీ దీనిని ముందే ఆలోచించి, విశాలమైన వీథులు, నీడనిచ్చు చెట్లు, తోటలు, ఆటస్థలములు, అన్ని మతములవారికి ప్రార్థనాలయములు ఉండవలెనని కుమారునకు వ్రాసియుండెను. నగరమునకు ఒకసారి కాదు, 1912 మొదలు 1945 వరకు నాలుగు పర్యాయములు ప్రణాళికలు గీయించిరి. నాలుగవది ఒట్టో కోనిగ్స్‌బర్గర్ అను జర్మను వాస్తుశిల్పి రచించినది. ఎనిమిది గంటల పనిదినము 1912లోను, భవిష్యనిధి 1920లోను అచ్చట అమలునకు వచ్చినవి. దేశములో అట్టి చట్టములు వచ్చుటకు అది చాల ముందుమాట. అయినను ఇవన్నియు కేవలము దయవలన లభించినవని అనుకొనరాదు. 1920లోను 1928లోను కార్మికులు పెద్ద సమ్మెలు చేసిరి. 1928 సమ్మె కాలమున సుభాష్ చంద్రబోసు వారి సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

ఇంతవరకు చెప్పినది ప్రణాళిక గీత లోపలి కథ. గీతకు వెలుపలి కథను గూర్చి ప్రశంసా పత్రములు అంతగా చెప్పవు. కంపెనీ ఇండ్లు ఉద్యోగులకు మాత్రమే. ఇటుకలు మోసినవాడు, గుత్తేదారు క్రింది కూలి, పాలు అమ్ము మనిషి, వంటమనిషి ఎచ్చట ఉండవలెను? వారు స్టేషను ప్రక్క జుగ్‌సలాయిలోను, సువర్ణరేఖ ఆవలి మాంగోలోను, ఖర్కాయి ఆవలి ఆదిత్యపూర్‌లోను, నగరము నడుమనే వెలసిన బస్తీలలోను నివాసము ఏర్పరచుకొనిరి. వంతెనకు ఈ వైపు కుళాయి, ఆ వైపు బిందెల వరుస అను స్థితి ఏర్పడినది. మన ప్రాంతమునుండి వెళ్లినవారిలో పనిముట్టు పట్టుట నేర్చినవాడు గీత లోపలికి చేరెను, నేర్వనివాడు వెలుపల మిగిలెను. నగరము పెరుగుట వేరు, నగరవాసులు బాగుపడుట వేరు అనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఒక కర్మాగారము వెంబడి పది వచ్చును. రేకుల కంపెనీ, 1945లో రైలింజనుల కొరకు పుట్టి తరువాత లారీలకు మారిన టెల్కో, ఆదిత్యపూర్‌లోని విడిభాగముల కర్మాగారములు ఆ విధముగా వచ్చినవే. దిగువన ఘాట్‌శిలా వద్ద రాగి కరగించు కొలిమి, జాదుగూడాలో యురేనియం గని కూడ సువర్ణరేఖ లోయలోనివే. వేసవిలో ఆ నది సన్నగిల్లును. అందుచే 1940 దశకములో దల్మా కొండల క్రింద డిమ్నా సరస్సును నిర్మించి నగరమునకు నీరు నిలువచేసిరి. నగరము తన దాహమును తీర్చుకొనగలిగినది. బొగ్గు కాల్చు బట్టీల నీటిలో ఫినాలు, అమ్మోనియా, సయనైడు ఉండును. శుద్ధిచేయక వదలినచో దాని ఫలితమును అనుభవించునది దిగువ గ్రామమే. ఎగువన లాభము, దిగువన నష్టము అను ఈ చిక్కును సరిచేయుటకు 1974లో జల కాలుష్య నివారణ చట్టము వచ్చినది. కొలిమి వెలిగినది అంతకు ఆరు దశాబ్దములకు పూర్వము.

నది లేని చోట ఏమగును? మన విశాఖ ఉక్కు కర్మాగారము సముద్రపు ఒడ్డున ఉన్నను, ఉప్పునీటితో ఉక్కు కాదు గనుక ఏలేరు జలాశయమునుండి దూరపు కాలువ ద్వారా నీరు తెప్పించుకొనవలసివచ్చినది. తీరమున వెలయు ప్రతి పరిశ్రమయు ఎక్కడి నదినో అడుగుననుట ఉద్దానమువారు గుర్తింపవలసిన విషయము.

మనకు గల పెద్ద నది వంశధార. అది ఒడిశాలో పుట్టి వచ్చునది, ఆ రాష్ట్రముతో పంచుకొనవలసినది. ఉద్దానపు భూమి ఇసుక నేల. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనుపించును గాని, మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను క్రుంగదీసినది. దాని మూలకారణము ఇదియే యని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. అయినను సురక్షిత జలము అందింపవలెనను నిర్ణయముతో హిరమండలం జలాశయమునుండి పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలములకు గొట్టములు వేసిరి. ఆ పథకమును, పలాసలోని 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించిరి. వంశధారలో ఉద్దానపు బిందెకు గల హక్కు ఏ కొలిమి హక్కు కన్నను ముందుది అని ఈ రచయిత అభిప్రాయము.

మన ప్రాంతమునకు పరిశ్రమ క్రొత్త కాదు. పలాస–కాశీబుగ్గలోని జీడిపప్పు బట్టీలు తోటలను ఆశ్రయించి తామే పుట్టినవి. గింజను ఉడికించి, కొట్టి, పొట్టు తీయు పనిలో వేలకొలది స్త్రీలకు కూలి దొరకుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి తోటలను నేలగూల్చినప్పుడు ఆ దెబ్బ బట్టీల వరకు తగిలినది. టెక్కలి పరిసరములలో నల్లరాతి గనులు, రాతిని మెరుగుపెట్టు కర్మాగారములు, నౌపడాలో ఉప్పు మళ్లు కలవు. భారీ పరిశ్రమ వచ్చిన అనుభవము మాత్రము చేదుగా మిగిలినది. సోంపేట బీలలోను, కాకరాపల్లి తంపరలోను ఉష్ణ విద్యుత్కేంద్రములు తలపెట్టినప్పుడు, చేపలకు, పశువులకు, వరికి ఆధారమైన ఆ నీటి భూములు పోవునని ప్రజలు ఎదిరించిరి. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. సోంపేట కేంద్రపు పర్యావరణ అనుమతిని అప్పీలు అధికార సంస్థ రద్దుచేసినది. పటములో బంజరుగా కనుపించునది పల్లెకు జీవనాధారము కావచ్చును. ఏటేటా పెలికాన్లు గూళ్లు కట్టుకొను తేలినీలాపురము కూడ ఆ తంపరకు చేరువలోనే ఉన్నది.

2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలములోని మూలపేట వద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. ఓడరేవు స్వయముగా ఎక్కువ నీరు త్రాగదు, దాని వెంబడి వచ్చు కర్మాగారములు త్రాగును. వేరొక విషయమును మత్స్యకార సోదరులు గమనింపవలెను. మన తూర్పు తీరమున అలలు ఏటేటా ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడపుచుండును. సముద్రములోనికి రాతి గోడలు కట్టినచో దక్షిణపు వైపు ఇసుక మేటవేయును, ఉత్తరపు వైపు ఒడ్డు కోసుకొనిపోవును. విశాఖలో వెలుపలి రేవు కట్టిన తరువాత నగరపు ఒడ్డున ఇసుక తరిగి, త్రవ్విన ఇసుకను మరల పోయవలసివచ్చుచున్నది. మూలపేటకు ఉత్తరమున పడవలు నిలుపు ఊళ్లు కలవు. వారి ఒడ్డు ప్రతి సంవత్సరము కొలువబడవలెను, కొలతలు పంచాయతీ కార్యాలయమున వ్రాసి పెట్టవలెను. ఇండ్లు, పొలములు వదలిన కుటుంబములకు కాలనీ ఎంత ముఖ్యమో, పిల్లలకు వెల్డింగు, క్రేను నడపుట, విద్యుత్ పని నేర్పు శిక్షణయు అంత ముఖ్యము. రేవు తెరచిన పిమ్మట నేర్పబూనినచో ఆ ఉద్యోగములు అప్పటికే ఇతరుల చేతిలో ఉండును.

రేవు వెనుక రాగల పెద్ద కర్మాగారములలో అధిక భాగమునకు 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన క్రింద బహిరంగ విచారణ జరుగవలెను. దానికి కనీసము 30 దినముల ముందుగా ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను ప్రకటన వేయవలెను. నివేదిక ముసాయిదా జిల్లా కలెక్టరు కార్యాలయమున, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కార్యాలయమున చూచుటకు లభించును. దాని సంక్షేపము తెలుగులోను ఉండవలెను. అందులో నీరు ఏ నదినుండి, రోజుకు ఎంత, వేసవిలో ఎంత, వాడిన నీరు ఎక్కడికి అను పుటలను ముందుగా చూడుడు. విచారణలో చదువురాని వారును నోటిమాటగా తమ అభిప్రాయము చెప్పవచ్చును. సభ ముగియునప్పుడు, చెప్పిన మాటల సారాంశమును తెలుగులో చదివి వినిపించుట అధికారుల విధి. ఎవరి మాటయైనను అందులో వదలిపోయినచో, కలెక్టరు సంతకము చేయుటకు ముందే లేచి అడుగవలెను.