గోడ మీద పెన్సిల్ గీతలు

రామకుప్పం పక్క పల్లె నుంచి ఒక తల్లీతండ్రీ పదకొండేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వైద్యానికి నా దగ్గరికి వచ్చారు. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. పిల్లవాడు కుర్చీ అంచున కూర్చుని, పొట్ట ఆకారం కనబడకుండా చొక్కాను రెండు చేతులతో ముందుకు లాగి పట్టుకున్నాడు.

"నెలలో పది కిలోలు తగ్గాల సార్. శ్రావణంలో మా తమ్ముడి పెండ్లి" అన్నాడు తండ్రి.

తల్లి గొంతులో బెదురుంది. "రాత్రి సంగటి మాన్పించినాము. పాలు మాన్పించినాము. తెల్లారుజామున లేపి చేనుగట్టు మీద పరిగెత్తిస్తాడు ఈయన. అయినా తగ్గలేదు సార్. థైరాయిడ్ ఏమన్నా ఉందేమో చూడండి."

వాళ్ళిద్దరినీ కాసేపు బయట కూర్చోమని పిల్లవాడితో మాట్లాడాను. క్రికెట్ గురించి మొదలుపెడితే చాలాసేపటికి బడి దగ్గరికి వచ్చాం. బళ్ళో వాడి పేరు 'ఏనుగు'. ఇంకే ఊళ్ళోనైనా అది మామూలు వెక్కిరింతే. మన రామకుప్పం, వి.కోట, పలమనేరు వైపు ఆ మాట వేరు. 1980ల్లో పక్క రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటినుంచి అడవి అంచున ఉన్న రైతుకు ఏనుగంటే రాత్రి చేలో పడి పంట తొక్కేది, డప్పులతో, టపాకాయలతో తరిమేసేది. ననియాలలో కుంకీలనే శిక్షణ పొందిన ఏనుగుల క్యాంపు పెట్టిందీ ఆ అడవి ఏనుగులను తిరిగి అడవిలోకి మళ్ళించడానికే. అలాంటి చోట పెరిగిన పిల్లలకు ఎగతాళి ఎలా చేయాలో ఎవరూ నేర్పనక్కరలేదు. "నేను తరగతిలోకి పోతానే నోటితో టపాకాయల శబ్దం చేస్తారు సార్" అన్నాడు వాడు, ఎటో చూస్తూ.

ఇంట్లో సంగతి కూడా తెలిసింది. ప్రతి ఆదివారం టమాటా పెట్టెలు తూచే కాటా మీద వాడిని నిలబెడతారు. చిన్నాన్న పిల్లలు చుట్టూ చేరతారు. తండ్రి అంకె పైకి చదువుతాడు. ముందు వారం కన్నా పావుకిలో ఎక్కువుంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ మాటలుండవు.

ఆ తండ్రి మీద నాకు కోపం రాలేదు, మీకూ రాకూడదు. చుట్టాల ముందు కొడుకును ఎవరూ ఏమీ అనకూడదని ఆయన ఆరాటం. రేపు పెద్దయ్యాక తనకొచ్చిన చక్కెర జబ్బు వీడికి రాకూడదని భయం. ఆ భయంలో తప్పేమీ లేదు కూడా. మన మనసుకు నచ్చని నిజం ఇది: చిన్నప్పటి లావు పెద్దయితే దానంతటదే పోతుందని ఊరుకుంటే చాలామందిలో పోదు, గట్టిపడుతుంది. ఈ అబ్బాయి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంది. వాళ్ళమ్మ అది మురికనుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది కమిలేలా చేసింది. అది రుద్దితే పోయేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న కబురు. మీ పిల్లల మెడ వెనక, చంకల్లో ఇలా కనబడితే సబ్బు మార్చకండి, డాక్టరుకు చూపించండి. నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా, తుంటి నొప్పితో కుంటుతున్నా, దాహమూ ఒంటేలూ ఎక్కువైనా ఆలస్యం చేయవద్దు.

థైరాయిడ్ మాట కూడా చెప్పేస్తాను, ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. థైరాయిడ్ లోపం వల్ల లావెక్కిన పిల్లలు సాధారణంగా ఎత్తు పెరగరు. వయసుకు తగ్గ ఎత్తు, లేదా ఇంకాస్త ఎక్కువే ఉండి లావుగా ఉన్న పిల్లల్లో కారణం చాలావరకు అది కాదు. ఈ అబ్బాయి ఎత్తు 140 సెంటీమీటర్లు, వయసుకు సరిపోతుంది. బరువు 50 కిలోలు.

ఇక పది కిలోల సంగతి. పెద్దవాళ్ళ శరీరం కట్టడం పూర్తయిన ఇల్లు. పిల్లల శరీరానికి ఇంకా గోడలు లేస్తున్నాయి. కట్టే ఇంటికి సిమెంటు ఆపేస్తే ఆగేది గోడ. నెలలో పది కిలోలు దించాలని తిండి కోసేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఎత్తు వేగం తగ్గుతుంది, రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, ఆడపిల్లల్లో నెలసరి తప్పుతుంది, పిత్తాశయంలో రాళ్ళు కూడా రావచ్చు. 2018 ప్రాంతంలో కొబ్బరినూనె, ద్రవాల డైటు ఊరూరా పాకినప్పుడు, తాము పాటిస్తున్నదాన్నే పిల్లలకూ పెట్టిన తల్లిదండ్రులను చూశాను. పెద్దవాళ్ళ వాదన పెద్దవాళ్ళు తేల్చుకోవాలి. పదకొండేళ్ళ పిల్లవాడి మీద మాత్రం ఏ ప్రయోగమూ వద్దు.

మరి ఎంత వేగం సరి? ఈ వయసులో, బరువు మరీ ప్రమాదకరమైన స్థాయిలో లేకపోతే, తగ్గడమే అవసరం లేదు. పెరగకుండా ఆగితే చాలు. ఈ మాట అనగానే తండ్రి ముఖం వాడిపోయింది. "ఏడాది తరవాత కూడా ఇదే బరువుంటే ఏం లాభం సార్?"

మందుల చీటీ వెనక ఆయనకు లెక్క వేసి చూపించాను. మీటర్లలో ఎత్తును అదే ఎత్తుతో గుణించి, వచ్చిన అంకెతో బరువును భాగిస్తాం. ఈరోజు 50 కిలోలు, 1.40 మీటర్లు: 25.5 వస్తుంది. బడి వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. రెండేళ్ళకు వీడు 152 అవుతాడనుకుందాం. బరువు అదే 50 ఉంటే లెక్క 21.6కు దిగుతుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కోసం సవరించిన ఎదుగుదల పటాల మీద అది చాలా మంచి దిగుడు. ఒక్క కిలో తగ్గకుండానే. ఎత్తు మన తరఫున పని చేస్తుంది, దాన్ని అడ్డుకోకుండా ఉంటే చాలు. బరువు బాగా ఎక్కువున్న చిన్నపిల్లల్లో నెలకు అరకిలో తగ్గినా మంచి వేగమే. యవ్వనంలో ఉన్న పిల్లలకు వారానికి కిలో దాటకూడదు, అదీ డాక్టరు చూస్తుండగా. దాటకూడదన్నది హద్దు, అందుకోవలసిన గురి అనుకోవద్దు.

ఆ ఇల్లు పట్టుపురుగులు పెంచే ఇల్లు. అందుకని తండ్రికి ఆయన భాషలోనే చెప్పాను. నాలుగో జ్వరం లేచిన పురుగు, అంటే చివరి కుబుసం విడిచిన పురుగు, ఎంత ఆకు తింటుందో మీకు నేను చెప్పాలా? బతుకంతా తినే ఆకులో ఎనభై శాతం పైగా ఆ చివరి వారంలోనే. పగలూ రాత్రీ మల్బరీ కోసుకొచ్చి వేస్తారే కానీ, ఇంత తింటున్నావేమని పురుగును తిట్టరు కదా. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లల ఆకలి అలాంటిదే. ఎత్తు సాగే ముందు చాలామంది పిల్లలు కాస్త ఒళ్ళు చేస్తారు కూడా. ఆ ఆకలి అత్యాశ కాదు. ఏం పెట్టాలన్నదే మనం చూసుకోవలసింది.

అప్పుడు తల్లి మెల్లగా ఒక సంగతి బయటపెట్టింది. పురుగులు పెంచే మనెలో, మూలన ఉంచిన, పట్టుగూళ్ళు కట్టించే చంద్రికల వెనక, బిస్కెట్ కాగితాలు దొరికాయట. పదిహేనో ఇరవయ్యో. "దొంగతనం నేర్చుకున్నాడు సార్" అంది, ఏడుపు ఆపుకుంటూ. 

అమ్మా, అది దొంగతనం కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు, వాళ్ళ ఇష్టంతోనే, ఆరు నెలల పాటు సగానికి సగం తిండి తగ్గించి చూశారు. పెరిగిన మగవాళ్ళు, ఒక మంచి పని కోసం ముందుకొచ్చినవాళ్ళు. వాళ్ళు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. తిండి గురించే మాట్లాడారు, తిండి గురించే కలలు కన్నారు. ప్రయోగం ముగిశాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్ళకే అలా అయితే, రాత్రి పూట పక్కగదిలో తన తమ్ముడు సంగటిలోకి చింతాకు పప్పు కలుపుకుంటుంటే ఆ వాసన పీలుస్తూ పడుకున్న పిల్లవాడి సంగతి ఆలోచించండి. వాడికి ఆకలి ఒక్కటే కాదు, తనను ఇంట్లో వేరు చేశారన్న బాధ కూడా. చంద్రికల వెనక చీకట్లో గబగబా మింగే బిస్కెట్‌కు రుచి తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. మిగిలేది తప్పు చేశానన్న భావమే. దాన్ని మింగడానికి ఇంకో బిస్కెట్ కావాలి.

కాబట్టి మొదటి మార్పు పిల్లవాడి కంచంలో రాకూడదు, ఇంటి అంగడి సరుకుల చీటీలో రావాలి. బిస్కెట్ పెట్టెలు, కూల్‌డ్రింకు సీసాలు ఇంట్లోకి రాకపోతే దాచేవాళ్ళూ ఉండరు, వెతికేవాళ్ళూ ఉండరు. తమ్ముడు సన్నగా ఉన్నాడు కదా, వాడికైనా తెద్దాం అనకండి. పావులీటరు కూల్‌డ్రింకులో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, అది సన్నపిల్లవాడికీ మేలు చేయదు. లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లో పదేళ్ళ ఫలితాలు ప్రచురించారు. బరువు తగ్గే పనిలో పిల్లవాడితో పాటు తల్లో తండ్రో కూడా దిగిన ఇళ్ళలోని పిల్లలే పదేళ్ళ తరవాత మెరుగ్గా ఉన్నారు. ఈ లెక్కన, చక్కెర జబ్బున్న ఆ తండ్రికీ నా చీటీ పనికొస్తుంది. ఆ మాటకు ఆయన నవ్వాడు. ఆ రోజు మొదటిసారి.

రాత్రి సంగటి తిరిగి పెట్టమన్నాను. అయితే ఇక్కడ మన ప్రాంతపు నమ్మకం ఒకటి సరిచేయాలి. రాగి తింటే బరువు తగ్గుతారన్నది నిజం కాదు. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీల దాకా ఉంటే బియ్యంలో 355 దాకా ఉంటాయి, తేడా కొంచెమే. రాగిలో పీచు ఉంది, ఎముకకు కావలసిన కాల్షియం బియ్యానికి అందనంత ఉంది. 2023లో సర్కారు బడుల్లో రాగిజావ మొదలుపెట్టిందీ పిల్లల బలం కోసమే, సన్నబడటం కోసం కాదు. ముద్ద ఎంత పెద్దదన్నది ఎప్పుడూ లెక్కలోకి వస్తుంది. ఒక ముద్ద, దాని చుట్టూ ఆకుకూర పప్పో అనపగింజల కూరో ధారాళంగా, ఒక గుడ్డు, చివర పలుచని మజ్జిగ. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో ఉంచుకుందాం. ఆ వండినదాంట్లో ఎంత తినాలన్నది మెల్లమెల్లగా పిల్లవాడి కడుపుకే వదిలేద్దాం. మొదటి రెండు వారాలు ఎక్కువే తింటాడు, కంగారుపడకండి. రేపు కూడా పెడతారని నమ్మకం కుదిరాక ఆ ఆత్రం తగ్గుతుంది.

తెల్లారుజాము పరుగు ఆపేయమన్నాను. అది వాడికి వ్యాయామం కాదు, శిక్ష. నిద్ర కూడా పోతోంది. ఈ వయసుకు తొమ్మిది గంటల నిద్ర కావాలి, నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు గంట ఒళ్ళు కదలాలంటుంది. సాయంత్రం క్రికెట్, సైకిల్ మీద పాల డెయిరీకి పోయి రావడం, మల్బరీ ఆకు మోయడం అన్నీ ఆ గంటలోకే వస్తాయి. నాన్న పక్కన నడిస్తే ఇంకా మంచిది. నడుస్తూ బరువు మాట ఎత్తకూడదు, అంతే.

మాట సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ఐదేళ్ళప్పుడు ఈ పిల్లవాడి బుగ్గలు గిల్లి "బొద్దుగా ముద్దుగా ఉన్నాడు" అన్న చుట్టాలే పదకొండేళ్ళకు "ఏమి పెడతాండారమ్మా వీడికి" అంటున్నారు. వీడేమీ మారలేదు, వాళ్ళ మాటలే మారాయి. పిల్లవాడికి ఇది అర్థం కాదు. పెండ్లిలో ఎవరైనా అలా అంటే, మీరు ఇబ్బందిగా నవ్వి ఊరుకోవద్దు. "మావాడు బాగున్నాడు అత్తా, నువ్వు భోంచేసినావా?" అని వాడు వినేలా అనండి. బళ్ళో టపాకాయల శబ్దం గురించి తరగతి పంతులుగారిని తండ్రే వెళ్ళి కలవాలి. గొడవకు కాదు, వాడి తరఫున ఒకరున్నారని వాడికి తెలియడానికి.

కాటాను తిరిగి టమాటాల దగ్గరికి పంపేయమని అడిగాను. దాని బదులు తలుపు పక్క గోడ మీద, మూడు నెలలకోసారి, పిల్లలందరి ఎత్తులూ పెన్సిల్‌తో గీయమన్నాను. బరువు నా దగ్గరే చూసుకుందాం, తలుపు వేసి.

శ్రావణంలో పెండ్లికి వాడు తగ్గలేదు. కొలతకు కుట్టించిన కొత్త చొక్కా వేసుకున్నాడు. మధ్యలో ఒకసారి రెండు కిలోలు పెరిగాడు, మామిడికాయల కాలం. తల్లి భయపడి ఫోన్ చేసింది, తరవాత బరువు పెరగడం మళ్ళీ ఆగింది. ఇద్దరు పిల్లలు ఇప్పటికీ వాడిని ఏనుగనే అంటున్నారట. మెడ నలుపు కొంచెం పలుచబడింది. పద్నాలుగు నెలల తరవాత, పోయిన వారం చూసినప్పుడు, వాడి ఎత్తు 147 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. గోడ మీద ఐదు గీతలున్నాయట. ఆరోది వచ్చే నెల గీస్తారు.