పాత ఇంటికి గాలి కావాలి

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులయ్యాయి. వానలకు పాత ఇంటి నేల చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది.

"సిమెంటు పూసేస్తే పోదా మేస్త్రీ?" అని అడుగుతాం. పోదు. మట్టిగోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేదు. లోపలే నిలిచి గోడను మెత్తబరుస్తుంది. గోడ కూలితే ప్రాణాలకే ముప్పు. మట్టిగోడకు సున్నమే మేలు. సున్నంలోంచి చెమ్మ ఆరిపోతుంది.

మన పెద్దలు చెక్క స్తంభాన్ని రాతి దిమ్మె మీద నిలిపారు. వడ్ల గాదెను రాళ్ల మీద పెట్టారు. ఎందుకు? చెక్కకు నేల చెమ్మ తగలకూడదని. గాదె కింద గాలి ఆడాలని. ఇంగ్లండులో పాత ఇళ్లకు చెక్క నేల ఉంటుంది. దాని కిందికి గాలి పోవడానికి గోడ అడుగున చిల్లుల ఇటుకలు పెడతారు. అవి మూసుకుపోతే చెక్క కుళ్లిపోతుంది.

ఇల్లు బాగుచేసేటప్పుడు ఇవి మరవకండి:

1. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయండి.
2. కొత్త నేల వేసే ముందు అడుగున కంకర పరవండి.
3. ఎదురెదురుగా కిటికీలు పెట్టండి. పాత గవాక్షాలు మూయకండి.
4. బస్తాలు నేలమీద వేయకండి. బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

చెమ్మ తగిలితే శెనక్కాయలకు బూజు పడుతుంది. ఆ బూజులో కాలేయాన్ని చెరిచే విషం పుట్టవచ్చు. బూజు పట్టిన కాయలు పిల్లలకు పెట్టకండి.

మీ ఇంట్లో బస్తాలు ఎక్కడున్నాయి? ఈరోజే వాటి కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలిందా?