శంఖపుష్పపు తీగ: మాంసకృత్తుల నతుకు ఎంజైము

మన తణుకు ప్రాంతమున కంచెలమీదను, పెరటి పందిళ్లమీదను అల్లుకొని నీలముగనో తెల్లగనో పూచు శంఖపుష్పపు తీగను ఎఱుగనివారుండరు. దీనినే దింటెన యనియు నందురు. పూవు నందఱును చూతురు. కాయను పరికించువా రరుదు. ఆ కాయయందే యొక వింత యెంజైము కలదని 2014 వ సంవత్సరమున వెల్లడియైనది. సింగపూరు నందలి నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున జేమ్స్ టామ్ అను ఆచార్యుడును ఆయన సహచరులును దానిని వేఱుచేసి, బ్యూటిలేసు-1 అని పేరిడిరి. అది చేయు పని యెట్టిదో తెలిసికొందము.

మన కండరములందును, గ్రుడ్డుసొనయందును, పప్పుధాన్యములందును మాంసకృత్తులు గలవు. ఇరువది రకముల అమినో ఆమ్లములు వరుసగా కూడుటచే నేర్పడిన గొలుసులే యివి. పొట్టి గొలుసులను పెప్టైడు లందురు. నిడదవోలునుండి మన యూరిమీదుగా భీమవరమునకు బోవు రైలుబండిని తలచుకొనుడు. ఒక్కొక్క పెట్టె యొక అమినో ఆమ్లము; పెట్టెలను గలుపు కొక్కెము పెప్టైడుబంధము.

ఎంజైములు తాము వ్యయముగాకయే రసాయనక్రియలను త్వరపఱచును. వానిలో కొన్ని యీ బంధములను త్రెంచును. పచ్చి బొప్పాయిముక్క వేసిన మాంసము త్వరగా మెత్తబడునని మన తల్లులకు దెలియును. బొప్పాయిపాలలోని పపెయిన్ అను ఎంజైము గొలుసులను త్రెంచుటయే యందులకు కారణము. త్రెగినచోట నీటి యణువు చేరును; గొలుసు మరల నతుకబడదు.

శంఖపుష్పపు ఎంజైము త్రెంచువాని కుటుంబములోనిదే. అయినను దాని నడవడి వేఱు. గొలుసు చివర ఆస్పరజిన్, హిస్టిడిన్, వాలిన్ అను మూడును వరుసగా నున్నచో, అది కడపటి రెంటిని ఊడదీసి ఆస్పరజిన్‌ను పట్టుకొనును. పిమ్మట నీటికి చోటీయక, మఱియొక గొలుసు మొదలును చేరనిచ్చి, రెంటిని గలుపును. ఆ మొదలు అదే గొలుసుదైనచో ఉంగర మేర్పడును. తీగ యిట్లు చేయు ఉంగరపు పెప్టైడులలో కొన్ని శనగపచ్చ పురుగునకు విషములు. వానికి కొన లేదు గనుక, కొననుండి కొఱుకు ఎంజైములు వానిని జీర్ణింపజాలవు.

అతుకుటకు శక్తి యెక్కడిది? మన జీవకణములు క్రొత్త మాంసకృత్తులను గూర్చుటకై ఏ.టి.పి. అను పదార్థమును వ్యయపఱచును. 1895 లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు ఫిస్కే పండితునితో గూడి దీనిని కనుగొని 1929 లో ప్రకటించిరి. అదే యేట జర్మనీలో లోమన్ పండితుడును వేఱుగా కనుగొనెను. బ్యూటిలేసునకు ఏ.టి.పి. యక్కఱలేదు. త్రెంచిన బంధమునందలి శక్తిని పోనీయక, దానితోనే క్రొత్త బంధమును గట్టును.

చీము పుట్టించు స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవియందును ఇట్టి అతుకుపని చేయు సార్టేసు అను ఎంజైము గలదని 1999 లో దెలిసినది. ఈ రెంటిలో మన తీగలోనిదే మిక్కిలి వేగముగా పనిచేయును.

దీనివలన మానవులకేమి మేలు? రోగకారకములను గుఱుతించి పట్టుకొను మాంసకృత్తులు మన రక్తమున గలవు; వానిని ప్రతిరక్షకము లందురు. పుట్టకురుపు కణములను పట్టుకొను ప్రతిరక్షకమునకు మందును తగిలించినచో, ఆ మందు ఆ కణములయొద్దకు జేరగలదు. కాని సాధారణ రసాయనములతో నతికినచో మందు ఎచ్చటనైనను అంటుకొనును. పట్టుకొను స్థలముననే యంటినచో పట్టు పోవును. ఎంజైమన్ననో, గుఱుతుగల కొనయందే యతుకును. ఇట్లే వెలుగునిచ్చు రంగును గుఱుతుచీటివలె తగిలించి, కణములో మాంసకృత్తు ఎటు పోవుచున్నదో సూక్ష్మదర్శినితో చూడవచ్చును.

అయితే శంఖపుష్పపు కషాయము త్రాగిన రోగములు కుదురునని దీని యర్థము కాదు. ఆ గింజలును వేళ్లును విరేచనకారులు, పిల్లలు తినరాదు. ఎంజైమును శుద్ధిచేసి, కొలత ప్రకారము ప్రయోగశాలయందు వాడినపుడే యీ పని జరుగును.

ప్రియ విద్యార్థులారా! దేవుడు మన కంచెమీద నుంచిన యీ తీగను మనము దినదినమును చూచుచునే యుంటిమి. దాని కాయలోని నేర్పును పరులు శోధించి తెలిసికొనిరి. భీమవరమున బుట్టిన బాలుడొకడు జీవశక్తి మర్మమును కనుగొనగలిగినపుడు, మీకు మాత్రమది యేల యసాధ్యము? రసాయన, జీవశాస్త్రములను శ్రద్ధతో నభ్యసింపుడు. మన గట్లమీదను, కాలువయొడ్డునను పెరుగు మొక్కలను పరీక్షించి చూడుడు.