మంచము ప్రక్కనుండువారు

ఇంటిలో వృద్ధులొకరు మంచముపట్టిన యెడల, చూడవచ్చిన బంధువులందరును వారి క్షేమమునే విచారింతురు. వారికి గంజి త్రాగించి, ప్రక్కబట్టలు మార్చి, రాత్రులు మేలుకొనియుండు కోడలినో కూతురినో “నీ వెట్లున్నావమ్మా?” యని యడుగువారు అరుదు. మేము ఈ రెండవ మనిషిని గూర్చి వ్రాయదలచితిమి.

ముందుగా చిన్న లెక్క. తమంతట తాము ఒత్తిగిలలేని రోగిని సామాన్యముగా రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని నర్సులు నేర్పుదురు. లేనిచో నడుమునను మడమలయందును రక్తప్రసారము తగ్గి పుండ్లు పడును. అనగా దినమునకు 12 మార్లు. వానిలో నాలుగైదు నిద్రవేళనే వచ్చును. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందు మిరపకోతల దినములలో వేకువనే చేనికి పోవలసిన స్త్రీకి ఆ రాత్రి యెట్లు గడచునో విద్యార్థులే యోచింతురు గాక. కూలికి పోకున్న డబ్బు లేదు. పోయిన యెడల ఇంట చూచువారు లేరు. తరగతిలో కునుకుపాట్లు పడు బాలికలలో కొందరు తల్లికి మారుగా మేలుకొన్నవారై యుందురు. వారిని సోమరులనుట న్యాయము కాదు.

ఈ భారము కొలువరానిదని యనేకులు తలంతురు. కాని 1980లో అమెరికా దేశమున స్టీవెన్ జరిట్ అను పండితుడు సహచరులతో కూడి దీనికొక ప్రశ్నావళిని కూర్చెను. మొదట 29 ప్రశ్నలుండగా, తరువాత వానిని 22కు కుదించిరి. తమకొరకు సమయము మిగులుచున్నదా, ఆరోగ్యము చెడినదా, రోగిపై కోపము వచ్చుచున్నదా అను ఇట్టి ప్రశ్నలకు 0 మొదలు 4 వరకు అంకెలు వేయుదురు. మొత్తము 88. అంకె పెరిగినకొలది భారమును పెరిగినట్లే. కోపమును గూర్చి అడుగుట మాకు మిక్కిలి నచ్చినది. మన యిండ్లలో ఆ మాట పైకి చెప్పుటయే తప్పుగా నెంచుదురు. తుదకు ఆ కోపము పిల్లల వీపుమీద దిగును.

తల్లిదండ్రులను పోషింపని సంతానమునుండి మనోవర్తి ఇప్పించుటకు 2007 నాటి చట్టమున్నది. పక్షవాతముచే మంచమునకే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలై నుండి పింఛనును నెలకు 15,000 రూపాయలు చేసినది. ఇది గొప్ప సహాయమే. అయినను ఆ సొమ్ముతో మందులు కొనవచ్చును గాని నిద్రను కొనలేము. వృద్ధుల విషయమై సలహాకు 14567 అను ఉచిత ఫోను సంఖ్య కలదు.

ఇక మగపిల్లలు నేర్వదగిన పని యొకటి. రోగిని ఒక్కరే చంకలు పట్టి లాగిన యెడల రోగి చర్మము ఒరసికొనును, లాగినవారి నడుము పట్టును. దుప్పటిని మడచి భుజములనుండి తొడలవరకు రోగి క్రింద పరచి, ఇరుప్రక్కల ఇద్దరు నిలిచి, అంచులను చుట్టిపట్టుకొని ఒక్కసారిగా ఎత్తి జరుపవలెను. పదవ తరగతి బాలునికి ఇది కష్టము కాదు. హైదరాబాదునుండి దినమునకు రెండుమార్లు ఫోనుచేసి సలహాలు చెప్పు పెద్దకుమారుడును సెలవులకు వచ్చినప్పుడు దీనిని చేయవచ్చును.

రాత్రి 10 గంటల వంతు ఇంటి యజమానిది, 12 గంటలది పెద్దబిడ్డది, 2 గంటలది మరల యజమానిది అని కాగితముపై వ్రాసి గోడకంటించిన యెడల, ఆ కోడలు 4 గంటలవరకు ఏకధాటిగా నిద్రించును.