పాఠాలకు లోకాలు కట్టే కొలువు: భీమిలి నుంచే తొలి అడుగు

విశాఖ నుంచి భీమునిపట్నం (భీమిలి) వెళ్లే బీచ్ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూడని విద్యార్థి ఈ జిల్లాలో అరుదు. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్న రోజుల్లో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ దిబ్బల కథ సముద్రమట్టపు ఈ హెచ్చుతగ్గులతోనే ముడిపడి ఉంది. ఈ మాట పదో తరగతి పిల్లవాడికి చెబితే రాసుకుంటాడు, పరీక్షయ్యాక మరచిపోతాడు. అదే పిల్లవాడు ఫోన్ తెర మీద కాలాన్ని వేలితో వెనక్కి జరిపి, సముద్రం కిలోమీటర్ల దూరం తగ్గిపోవడం చూసి, ఇప్పుడు అలల కింద ఉన్న నేల మీద తానే నడిచాడనుకోండి. ఇక జన్మలో మరచిపోడు. అలా నడిచే వీలు కల్పించేవాళ్ల ఉద్యోగం గురించే ఈ వ్యాసం.

ఆన్‌లైన్‌లో చదువుకునేవాళ్ల కోసం వర్చువల్ లోకాలు తయారుచేయడం ఇవాళ ఒక వృత్తి. వీడియో పాఠాన్ని విద్యార్థి చూస్తూ కూర్చుంటాడు. ఇక్కడైతే తిరుగుతాడు, వస్తువు పట్టుకుంటాడు, పొరపాటు చేస్తాడు, దాని ఫలితం చూసి మళ్లీ ప్రయత్నిస్తాడు. ఇది కంప్యూటర్ సైన్స్ వాళ్ల సొంత రంగమని మన కాలేజీల్లో గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. బీఏ హిస్టరీ, బీఎస్సీ, బీఈడీ, ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లకు ఇందులో చోటు ఉండటమే కాదు, కొన్ని పనులకు వాళ్లే తగినవాళ్లు.

ఎందుకో ఒక పాత ఉదాహరణ చెబుతుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ డీడ్ బృందం బడిపిల్లల కోసం ‘రివర్ సిటీ’ అనే వర్చువల్ పట్నాన్ని రూపొందించింది. కాలం పంతొమ్మిదో శతాబ్దం. పట్నంలో జనం జబ్బు పడుతుంటారు. పిల్లలు వీధుల్లో తిరిగి, అక్కడివాళ్లను అడిగి, ఆసుపత్రి వివరాలు చూసి, నీటి నమూనాలు పరీక్షించి కారణం కనిపెట్టాలి. నీటి వల్ల వచ్చేవి, దోమల వల్ల వచ్చేవి, మనిషి నుంచి మనిషికి అంటేవి కలగలిసి ఉంటాయి కాబట్టి ఊహించిన జవాబు నిలవదు, రుజువు కావాలి. ఆ బొమ్మలు ఇప్పటి ఫోన్ గేముల ముందు వెలవెలబోతాయి. అయినా ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారంటే, అందులో పిల్లవాణ్ని కుదురుగా ఉండనివ్వని ప్రశ్న ఉంది కాబట్టి. ఆ ప్రశ్న వేయగలిగేది పాఠం తెలిసిన మనిషి, పిల్లలు ఎక్కడ తడబడతారో చూసిన మనిషి.

మన దగ్గర ఏముంది?

కేంద్ర విద్యాశాఖ చేపట్టిన ‘వర్చువల్ ల్యాబ్స్’ ప్రాజెక్టులో ఐఐటీలతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. ప్రయోగశాలకు వెళ్లలేని ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులు బ్రౌజర్‌లోనే ప్రయోగాలు చేసుకోవచ్చు. పాఠశాల స్థాయిలో అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి ‘ఓల్యాబ్స్’ నడుపుతున్నాయి. వర్చువల్ ల్యాబ్స్ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది. ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు ముందుగా తెరవాల్సింది దాన్నే. ఒక ప్రయోగం తెరవండి, ఎక్కడ అర్థం కాలేదో రాసుకోండి, దాన్ని ఎలా సరిచేయొచ్చో ప్రతిపాదన పంపండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కంటే ఆ ఒక్క ప్రతిపాదన గురించే మీరు ఎక్కువసేపు మాట్లాడగలుగుతారు.

విశాఖకు ఇంకో బలం ఉంది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డ్ ఉన్న నగరం ఇది. కరిగిన ఉక్కు దగ్గరా, క్రేన్ మీదా, ఓడ అడుగు భాగంలోనూ చేసే పనిని కొత్తవాడికి నేరుగా అక్కడే నేర్పడం ప్రమాదం. అందుకే సిమ్యులేటర్లు, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) శిక్షణ వచ్చాయి. ఉక్కు కర్మాగారంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా (ఎస్‌టీపీఐ) ‘కల్పతరు’ పేరుతో ఇండస్ట్రీ 4.0 కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. కేంద్రం చేపట్టిన ఓడరేవుల పథకం సాగరమాల కింద వచ్చిన సెమ్స్ సంస్థ నౌకానిర్మాణ నైపుణ్యాలు నేర్పుతోంది. ఎడ్‌టెక్ కంపెనీల్లోనే ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఈ పారిశ్రామిక శిక్షణ వైపు కూడా ఒకసారి చూడాలి. బడిపిల్లలకు పాఠం కట్టినా, వెల్డర్‌కు కట్టినా పని పద్ధతి ఒకటే.

పని ఎలా ఉంటుంది?

జట్టులో ముందుగా కలం పట్టేది ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. విద్యార్థి ఈ లోకంలోకి వచ్చేటప్పటికి ఏం తెలిసి ఉండాలి, వెళ్లేటప్పటికి ఏం చేయగలగాలి, ఎక్కడ తప్పు చేస్తాడు, చేస్తే ఏం జరగాలి అన్నదంతా కాగితం మీద రాసేది ఈయనే. తర్వాత త్రీడీ ఆర్టిస్టు బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో గోడలు, చెట్లు, పనిముట్లు తయారుచేస్తాడు. డెవలపర్ యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో సీ షార్ప్‌తోనో, బ్రౌజర్ కోసమైతే జావాస్క్రిప్ట్‌తోనో వాటికి ప్రాణం పోస్తాడు. టెస్టర్ పాత ఫోన్లు ముందు పెట్టుకుని ఎక్కడ ఆగిపోతోందో చూస్తాడు. చిన్న కంపెనీలో ఈ నాలుగూ ఇద్దరే చేస్తారు, కొత్తవాళ్లకు అదే మంచిది.

అందంగా చేయాలన్న తొందరలో కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఒకటుంది. వీఆర్ హెడ్‌సెట్‌లో దృశ్యం సెకనుకు 72 నుంచి 90 సార్లు మారాలి. అంతకంటే తగ్గితే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. మన పిల్లల్లో హెడ్‌సెట్ ఉన్నవాళ్లెంతమంది? ఎక్కువమంది చేతిలో ఉండేది తక్కువ ధర ఫోన్, అదీ ఇంట్లో అందరూ వాడుకునేది. కాబట్టి ఒక స్తంభాన్ని లక్ష ముఖాలతో (పాలిగాన్లతో) గీయగలగడం కంటే, చూసేవాడికి తేడా తెలియకుండా రెండు వేల ముఖాల్లో ముగించగలగడమే నైపుణ్యం.

తెలుగువాళ్లు మాత్రమే తీర్చగల కొరత ఇంకోటి ఉంది. యూనిటీలో ఎక్కువమంది వాడే అక్షర వ్యవస్థ తెలుగు ఒత్తులను సరిగా కలపదు, ‘స్తూపం’ అని రాస్తే అక్షరాలు విడివిడిగా పడతాయి. బ్రౌజర్లలో, గోడో అనే మరో గేమ్ ఇంజిన్ నాలుగో వెర్షన్‌లో ఈ ఇబ్బంది లేదు. ఇలాంటివి తెలిసి, దారి చూపగలిగిన అభ్యర్థి తెలుగు పాఠాలు చేసే జట్టుకు తప్పకుండా కావాలి. మన జిల్లా పిల్లవాడికి మన మాటల్లో వ్యాఖ్యానం రాయడం, చెప్పడం కూడా అంతే అవసరమైన పని.

మీ తొలి లోకం

పోర్ట్‌ఫోలియో కోసం మార్స్ గ్రహాన్నో, ఈజిప్టు పిరమిడ్లనో తీసుకోకండి. వాటిని మీకంటే ముందే వందలమంది చేశారు. తొట్లకొండకు వెళ్లండి. స్తూపాలు, విహారాలు, చైత్యాలు ఉన్న బౌద్ధ ఆరామం అది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ప్రశ్న వేయండి: సముద్రం పక్కనున్న ఈ కొండ మీద అంతమంది భిక్షువులు తాగడానికి నీళ్లెక్కడివి? విద్యార్థి వాన కురిపించాలి, నీరు ఎటు పారుతుందో చూడాలి, తొట్టి ఎక్కడ తొలిస్తే నిండుతుందో తేల్చాలి. చరిత్ర, భూగోళం, గణితం మూడూ అందులోకి వస్తాయి. అయిదు నిమిషాల్లో ముగిసే లోకం చాలు. ఒకే కొండ, ఒకే ప్రశ్న. బావికొండ, పావురాలకొండ, భీమిలిలోని డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఇలాగే ఎదురుచూస్తున్నాయి.

ఫోన్‌తో ఒక రాతిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఫొటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ నమూనా చేయొచ్చు. డ్రోన్ మాత్రం అనుమతి లేకుండా ఎగరేయవద్దు. నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ కళింగ ఈ తీరంలోనే ఉంది. రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ నిబంధనలు ముందే కనుక్కోండి. ఎర్రమట్టి దిబ్బల అంచులు ఎక్కి మట్టి రాల్చకండి.

చదువు సంగతికొస్తే, భీమిలి మండలం సంగివలసలోని అనిట్స్, రుషికొండలోని గీతం, నగరంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉన్నాయి. డిజైన్ వైపు ఆసక్తి ఉంటే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ప్రవేశ పరీక్షకు, ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ కోసం యూసీడ్‌కు ఇంటర్‌లోనే సిద్ధం కావాలి. ఏ కోర్సు చేసినా ఒక్క సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకోవద్దు. గూగుల్ వీఆర్ పాఠాల యాప్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో ఆగిపోయింది. వర్చువల్ వేదికలైన మైక్రోసాఫ్ట్ ఆల్ట్‌స్పేస్ 2023లో, మొజిల్లా హబ్స్ 2024లో మూతపడ్డాయి. అదే ఏడాది ఎడ్‌టెక్ కంపెనీ బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ వేదికల బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. పాఠం నిర్మించడం, మోడలింగ్, ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు ఇంకో వేదికకు మారారు. మీ పనిని జీఎల్‌టీఎఫ్ వంటి అందరూ తెరవగల ఫార్మాట్లలో దాచుకోండి.

మూడు నెలల్లో మెటావర్స్ ఉద్యోగం గ్యారంటీ అంటూ పెద్ద ఫీజు అడిగే శిక్షణ కేంద్రాల వైపు వెళ్లవద్దు. బ్లెండర్, గోడో పూర్తిగా ఉచితం. యూనిటీని కూడా విద్యార్థులు ఉచితంగా నేర్చుకోవచ్చు. ఆ డబ్బుతో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత కంప్యూటర్ కొనుక్కోవడం మేలు.

ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నా, కొన్ని సంస్థలు ఇంటి నుంచి పనిచేసేవాళ్లనూ తీసుకుంటాయి. దరఖాస్తులో రెజ్యూమె కంటే పైన మీ లోకం లింకు ఉండాలి, తెరవగానే పనిచేయాలి. దానికంటే ముందు ఆ లింకును మీరు చదువుకున్న హైస్కూలు మాస్టారికి పంపండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన నిలబడి, ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, ఇంటికొచ్చి దాన్ని సరిచేశాకే కంపెనీకి పంపండి.