మన యూరి పాటల పేటిక

గ్రామఫోను రికార్డులందు పేరొందిన గాయకుల పాటలే ఎక్కువగా నిలిచినవి. పల్లెల భజన బృందములు, కోలాటపు జట్లు పాడిన పాటలు పెక్కు గాలిలో కలిసిపోయినవి.

1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును వెలువరించెను. క్రమముగా సామాన్యులును తమ యూరి పాటలను దాచుకొనగలిగిరి. 60 నిమిషముల క్యాసెట్టులో ఒక్కొక్క వైపున 30 నిమిషముల పాటలే పట్టును. అందువలన నచ్చిన పాటలను ఏరి, వరుసగా కూర్చవలసి వచ్చెడిది. నేడు చేతిఫోనులో వేల పాటలు ఇముడుచున్నవి. ఏరి కూర్చనిచో మంచి పాట మరుగుపడును.

బాలలారా! మీ యూరి బృందముల అనుమతిగొని పది పాటలు సేకరింపుడు. హుషారైన కోలాటపు పాట వెంట నెమ్మదియైన తత్త్వమును చేర్చుడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక వ్రాయుడు. గాయకులు గతించినను, పేరుతో దాచిన పాట వారిని మన ముందు నిలుపును.